పదో తరగతి లెక్కల పబ్లిక్ పరీక్షకు ఏడు వారాలే ఉన్నాయి: ఇంట్లో సాధన ఎలా చేయించాలి?

పెరంబూరు తల్లి | జనవరి 24, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మేము నెల్లూరు నుంచి వచ్చి చెన్నై పెరంబూరులో స్థిరపడి పదహారేళ్లయింది. మా అమ్మాయి ఇక్కడే స్టేట్ బోర్డు పాఠశాలలో, ఇంగ్లీషు మీడియంలో పదో తరగతి చదువుతోంది. మిగిలిన సబ్జెక్టుల గురించి నాకు దిగులు లేదు, లెక్కల దగ్గరే ఏం చేయాలో తోచడం లేదు. అర్ధసంవత్సర పరీక్షలో నూటికి 61 వచ్చాయి. అప్పటి నుంచి రోజూ రెండు గంటలు లెక్కలకే కేటాయించింది, సాయంత్రం ట్యూషనుకూ వెళ్తోంది. అయినా ఈ నెల జరిగిన మొదటి రివిజన్ పరీక్షలో 58 వచ్చాయి.

ఇంట్లో ఏ లెక్క అడిగినా ఇలా చేయాలి, అలా చేయాలి అని నోటితో గడగడా చెబుతుంది. పరీక్ష హాల్లో మాత్రం ఐదు మార్కుల లెక్కలు సగంలో ఆగిపోయాయి, నాలుగో భాగంలోని గ్రాఫు, రేఖాగణిత నిర్మాణం రెండూ కలిపి 16 మార్కులకు 7 వచ్చాయి. జవాబు పత్రం చూసుకుని రాత్రంతా ఏడ్చింది. కష్టపడని పిల్లకు చెప్పవచ్చు గానీ, కష్టపడుతున్న పిల్లకు ఇంకా కష్టపడమని ఎలా చెప్పాలి? పబ్లిక్ పరీక్షకు ఏడు వారాలున్నాయి. దారి తెలిసినవారు చెప్పగలరని ఆశతో రాస్తున్నాను.

అన్నానగర్ తండ్రి | జనవరి 24, రాత్రి 10:52

అమ్మా, మా అబ్బాయి సీబీఎస్‌ఈలో పదో తరగతి. మా పరిస్థితీ ఇంచుమించు ఇదే. మావాడు వెళ్లే ట్యూషను సెంటరు వాళ్లు ప్రతి ఆదివారం నలభై పేజీల లెక్కలు ఫోన్‌కు పంపుతారు, వాటి జవాబులు కూడా ఆ వెంటనే పంపుతారు. వాడు లెక్క చదివి, జవాబు చదివి, అర్థమైంది నాన్నా అంటాడు. పాత ప్రశ్నపత్రాలు రోజుకొకటి చొప్పున చేయిస్తే చేయి తిరుగుతుందని నా అభిప్రాయం. నేను అదే మొదలుపెట్టబోతున్నాను. మీరూ ప్రయత్నించి చూడండి.

విశ్రాంత లెక్కల మాస్టారు | జనవరి 25, ఉదయం 6:20

అమ్మా, నేను జార్జ్ టౌన్ ప్రాంతంలోని ఒక తెలుగు పాఠశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశాను. పబ్లిక్ పరీక్ష జవాబు పత్రాలు కూడా చాలా ఏళ్లు దిద్దాను. మీరు రాసినది చదివాక నాకు తోచినది చెబుతాను. దయచేసి తొందరపడి కొత్త గైడ్లు కొనకండి, ట్యూషను మార్చకండి.

ముందుగా అమ్మాయి జవాబు పత్రాన్ని, ప్రశ్నపత్రాన్ని పక్కపక్కన పెట్టుకుని ఇద్దరూ కూర్చోండి. పోయిన 42 మార్కులలో ప్రతి మార్కు పక్కన అది ఎందుకు పోయిందో ఒక్క మాట రాయించండి. కారణాలు నాలుగే ఉంటాయి. పాఠమే తెలియక పోయినవి కొన్ని, తెలిసినా ఆ సమయానికి గుర్తురాక పోయినవి కొన్ని, గుర్తున్నా చేయి తప్పి పోయినవి కొన్ని, అన్నీ వచ్చినా సమయం చాలక పోయినవి కొన్ని. ఈ నాలుగింటికీ మందులు వేర్వేరు. తెలియని పాఠానికి మళ్లీ పాఠం చెప్పాలి. చేయి తప్పేదానికి పాఠం ఎన్నిసార్లు చెప్పినా ప్రయోజనం ఉండదు. జ్వరమేదో తెలియకుండా మాత్ర వేయలేము కదా.

ఆ లెక్క తేలాక ఇక్కడ రాయండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం. ఈ పని చేసేటప్పుడు అమ్మాయిని ఒక్క మాట కూడా అనవద్దు. ఆ జవాబు పత్రం ఇప్పుడు మీ ఇద్దరికీ పాఠ్యపుస్తకం కన్నా విలువైనది.

కొళత్తూరు ట్యూషన్ టీచరు | జనవరి 25, ఉదయం 9:05

మాస్టారు చెప్పిన పనిని నేను ప్రతి ఏడాది నా దగ్గరకు వచ్చే పిల్లలతో చేయిస్తాను కాబట్టి మనస్ఫూర్తిగా బలపరుస్తున్నాను. అన్నానగర్ తండ్రిగారికి ఒక మాట. రోజుకొక ప్రశ్నపత్రం అన్నది వినడానికి బాగుంటుంది. మూడు గంటలు రాసిన పిల్లవాడికి అదే రోజు దిద్దుకునే ఓపిక ఉండదు, మర్నాడు ఇంకో పత్రం వచ్చి పడుతుంది. నిన్నటి తప్పు నేడు కూడా చేస్తాడు, పదిసార్లు చేస్తే ఆ తప్పే అలవాటవుతుంది. రెండు రోజులకు ఒక పత్రం చాలు. మొదటి రోజు రాయాలి, రెండో రోజు తప్పిన లెక్కలన్నీ పుస్తకం మూసి మళ్లీ చేయాలి.

పెరంబూరు తల్లి | జనవరి 25, రాత్రి 9:40

మాస్టారూ, మీరు చెప్పినట్లే మధ్యాహ్నం మూడు గంటల సేపు కూర్చున్నాము. మొదట మొహం ముడుచుకుంది, తర్వాత తనే ఎర్ర పెన్ను తీసుకుని రాయడం మొదలుపెట్టింది. తేలిన లెక్క ఇది: తెలియక 6, గుర్తురాక 9, చేయి తప్పి 15, సమయం చాలక 12.

నిజం చెప్పాలంటే నేను నిర్ఘాంతపోయాను. పాఠాలు రావడం లేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. పాఠం తెలియక పోయినవి ఆరే. చేయి తప్పిన వాటిలో మూడు మీకు చెబుతాను.

ఒక శంకువు లెక్కలో భూవ్యాసార్ధం 7, ఎత్తు 24 సెంటీమీటర్లు ఇచ్చి వక్రతల వైశాల్యం అడిగారు. ఏటవాలు ఎత్తు 25 అని కనుక్కుంది, కింద గీత కూడా గీసింది. సూత్రంలో వేసేటప్పుడు మాత్రం 25 బదులు 24 వేసి 528 అని రాసింది, 550 రావాలి. ఇంకో చోట గ్రాఫు పట్టికలో మైనస్ 3 వర్గాన్ని మైనస్ 9 అని రాసింది, దానితో వక్రం ఒక పక్క కిందికి వంగిపోయింది. మూడోది దీపస్తంభం లెక్క. నిమ్న కోణాన్ని స్తంభానికీ చూపు రేఖకూ మధ్య గుర్తించింది. ఇది చేయి తప్పడమా, తెలియకపోవడమా అని మా ఇద్దరికీ అర్థం కాలేదు.

విశ్రాంత లెక్కల మాస్టారు | జనవరి 26, ఉదయం 7:10

చాలా చక్కగా చేశారమ్మా. ఆ మూడు తప్పులూ మూడు రకాలవి, ఒక్కొక్కటిగా చెబుతాను.

శంకువు లెక్కలో జరిగింది చూపు తప్పడం. పిల్లలు సూత్రం రాయకుండా నేరుగా అంకెలు వేసినప్పుడు ఇది జరుగుతుంది. క్షేత్రమితి లెక్క ఏదైనా సరే, ముందు ఇచ్చిన కొలతలు ఒకదాని కింద ఒకటి, తర్వాత సూత్రం అక్షరాలతో, తర్వాత అదే వరుసలో అంకెలు, ఆఖరున ప్రమాణం అని నాలుగు మెట్లు కచ్చితంగా రాయించండి. సూత్రంలో ఏటవాలు ఎత్తును సూచించే అక్షరం కళ్లెదుట ఉంటే దాని కిందకు 24 రాదు. పైగా చివరి గుణకారం ఎక్కడో తప్పినా సూత్రానికీ, ప్రతిక్షేపించిన మెట్టుకూ దిద్దేవారు మార్కు వేయగలరు. ఒట్టి 528 అని కనబడితే ఏమీ వేయలేరు.

ఈ ఊరివాడిని కనుక ఈ సందర్భంలో నాకు రామానుజన్ తప్పక గుర్తుకొస్తారు. మా పాఠశాలకు దగ్గరలో ఉన్న హార్బరులోనే, 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో ఆయన గుమాస్తాగా చేరారు. కాగితం కొనే స్థోమత లేక పలక మీద లెక్కలు చేసి, మోచేత్తో చెరిపేసి, తేలిన ఫలితాన్ని మాత్రమే నోటు పుస్తకంలో రాసుకునేవారు. ఆ ఫలితాలకు నిరూపణలు రాయడానికి గణిత శాస్త్రజ్ఞులకు దశాబ్దాలు పట్టింది. మన పిల్లల జవాబు పత్రం దిద్దేవారికి దశాబ్దాలు కాదు, నిమిషాలు మాత్రమే ఉంటాయి. కాబట్టి పలక మీద చేసినదంతా, చెరపకుండా, కాగితం మీద కనిపించాలి.

గ్రాఫు సంగతి రాత్రికి వివరంగా రాస్తాను. అది పెద్దది.

క్రోంపేట విద్యార్థిని | జనవరి 26, మధ్యాహ్నం 12:30

అందరికీ నమస్కారం. నేను రెండేళ్ల క్రితం స్టేట్ బోర్డులో పదో తరగతి రాశాను. ఆంటీ, మీ అమ్మాయి నిమ్న కోణం దగ్గర చేసిన తప్పును నేను కూడా చాలాకాలం చేశాను. అది చేయి తప్పడం కాదని నా అభిప్రాయం, బొమ్మ మనసులో సరిగా పడకపోవడం.

మా తాతయ్య నన్ను మా అపార్టుమెంటు మేడ మీదకు తీసుకెళ్లి, ముందు ఎదురుగా ఉన్న నీళ్ల ట్యాంకును నా కంటి ఎత్తులో నేరుగా చూడమన్నారు. తర్వాత తల కదపకుండా, కింద ఆపిన స్కూటరు మీదకు చూపు దించమన్నారు. చూపు ఎక్కడి నుంచి ఎక్కడికి దిగిందో అదే నిమ్న కోణం అన్నారు. కోణం నేరుగా చూసే అడ్డగీత నుంచి మొదలవుతుంది, మనం నిలబడ్డ గోడ నుంచి కాదు. ఆ తర్వాత నేను ఎప్పుడూ తప్పలేదు. నిమ్నం అంటే పల్లం, దిగువ అని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. నేను ఇంగ్లీషు మీడియంలోనే చదివాను, అయినా ఆ తెలుగు మాట తెలిశాక బొమ్మ దానంతట అదే వచ్చింది. స్పర్శరేఖ అంటే తాకే గీత అనీ, సరూప త్రిభుజాలు అంటే ఒకే రూపం ఉన్నవనీ ఆయన చెప్పినవే. ఆ మాటలు విన్నాక నిర్వచనాలు కంఠతా పట్టాల్సిన పని తగ్గింది.

సాధనకు ఒక లెక్క ఇస్తున్నాను. 60 మీటర్ల ఎత్తున్న దీపస్తంభం మీద నుంచి, స్తంభానికి రెండు పక్కలా ఉన్న రెండు ఓడల నిమ్న కోణాలు 30 డిగ్రీలు, 45 డిగ్రీలు. ఓడల మధ్య దూరం ఎంత? బొమ్మ సరిగా పడితే 60√3, 60 రెండూ కలిపి 163.92 మీటర్లు వస్తుంది. కోణాన్ని స్తంభం దగ్గర పెడితే 60/√3, 60 కలిసి 94.64 వస్తుంది. మొదటి జవాబు వస్తే తనకు పాఠం వచ్చినట్లే.

మాధవరం నాన్న | జనవరి 26, సాయంత్రం 5:45

అయ్యా, అమ్మా, మీరంతా 58 గురించి మాట్లాడుతున్నారు. మావాడికి అర్ధసంవత్సర పరీక్షలో 22 వచ్చాయి. ఉత్తీర్ణతకు 35 కావాలి. నేను లారీల షెడ్డులో పనిచేస్తాను, నాకు ఎనిమిదో తరగతి తర్వాత లెక్కలు తెలియవు. వాడు మొండివాడు కాదు, మంచి పిల్లవాడు, లెక్కల పుస్తకం తెరిస్తే భయపడిపోతాడు. ఈ ఏడు వారాల్లో వాడు గట్టెక్కే మార్గం ఏమైనా ఉందా? ఇక్కడ అడగవచ్చో లేదో తెలియక మూడు రోజులుగా చదువుతూ ఊరుకున్నాను.

కొళత్తూరు ట్యూషన్ టీచరు | జనవరి 26, సాయంత్రం 6:30

అన్నా, తప్పకుండా అడగాలి. మార్గం ఉంది, ఇలాంటి పిల్లలు నా దగ్గర ప్రతి ఏడాది ఉంటారు. ముందు ప్రశ్నపత్రం స్వరూపం మీరు తెలుసుకోండి, ఇది తెలియడానికి లెక్కలు రానక్కరలేదు.

మొత్తం 100 మార్కులు. మొదటి భాగంలో 14 ప్రశ్నలు, ఒక్కొక్కటి ఒక మార్కు, నాలుగు జవాబుల్లో సరైనది ఎంచుకోవాలి. రెండో భాగంలో 14 రెండు మార్కుల ప్రశ్నలిస్తారు, పది రాయాలి, అందులో 28వ ప్రశ్న తప్పనిసరి. మూడో భాగంలో 14 ఐదు మార్కుల ప్రశ్నలిస్తారు, పది రాయాలి, 42వ ప్రశ్న తప్పనిసరి. నాలుగో భాగంలో 8 మార్కులవి రెండు. ఒకటి రేఖాగణిత నిర్మాణం, ఇంకోటి గ్రాఫు, రెండింటిలోనూ అది లేదా ఇది అని ఎంపిక ఉంటుంది.

మీవాడు నాలుగో భాగంతో మొదలుపెట్టాలి. ఎందుకంటే అక్కడ బీజగణితం తక్కువ, చేతిపని ఎక్కువ. స్కేలు, కంపాస్ పట్టుకుని రోజూ ఒక బొమ్మ గీస్తే నెల తిరిగేసరికి 16లో 12 తెచ్చుకోగలడు. తర్వాత ఒక మార్కు ప్రశ్నలు. పాఠ్యపుస్తకంలో ప్రతి పాఠం చివర ఉన్నవి మొత్తం చేయించండి, వాటిలో 8 రావడం కష్టం కాదు. రెండు మార్కుల లెక్కలకు అన్ని పాఠాలూ వద్దు. కార్టీజియన్ లబ్ధం, అంకశ్రేఢిలో ఎన్నో పదం కనుక్కోవడం, మాత్రికలను కూడడం, వాలు, వ్యాప్తి, వ్యాప్తి గుణకం, ఇవి చాలు. ఉదాహరణకు కొన్ని అంకెలిచ్చి అందులో పెద్దది 63, చిన్నది 27 అయితే వ్యాప్తి 36, వ్యాప్తి గుణకం 36ను ఆ రెండింటి మొత్తం 90తో భాగిస్తే 0.4. రెండు మార్కులు ఇంతే. ఇలాంటివి ఐదు వస్తే 10. ఐదు మార్కుల లెక్కలు రెండు రాసినా ఇంకో 10. కలిపి చూడండి, 12, 8, 10, 10, మొత్తం 40.

ఈ లెక్కను ఒక కాగితం మీద రాసి వాడికి చూపించండి. నూరు మార్కుల కొండ ఎక్కాలని కాకుండా ఈ నాలుగు చోట్ల నుంచి కాసిని తెచ్చుకోవాలని తెలిస్తే భయం సగం తగ్గుతుంది. వాడిని శనివారం సాయంత్రం నా దగ్గరకు పంపగలిగితే పంపండి, ఫీజు మాట వద్దు.

విశ్రాంత లెక్కల మాస్టారు | జనవరి 26, రాత్రి 8:50

కొళత్తూరు టీచరమ్మ మాటకు నేను కలిపేదేమీ లేదు. గ్రాఫు గురించి రాస్తానన్నాను కదా, ఒక్క లెక్కను పూర్తిగా చేసి చూపిస్తాను. మీ పిల్లలచేత దీనిని గ్రాఫు కాగితం మీద చేయించండి.

ప్రశ్న: వై = ఎక్స్² − 2ఎక్స్ − 3 గ్రాఫు గీసి, దాని సాయంతో ఎక్స్² − ఎక్స్ − 6 = 0 సాధించండి.

ముందు పట్టిక. ఎక్స్ విలువలు మైనస్ 3 నుంచి 5 వరకు తీసుకుంటే వై విలువలు వరుసగా 12, 5, 0, మైనస్ 3, మైనస్ 4, మైనస్ 3, 0, 5, 12 వస్తాయి. ఈ వరుసను ఒకసారి గట్టిగా చదవండి. 12, 5, 0, మైనస్ 3 అని దిగి, మైనస్ 4 దగ్గర మలుపు తిరిగి, అవే విలువలు తిరిగి ఎక్కుతున్నాయి. ఎక్స్² గుణకం 1 అయిన ఇలాంటి వర్గ సమీకరణం పట్టికలో ఈ సౌష్ఠవం కనిపిస్తుంది. పెరంబూరు అమ్మాయి మైనస్ 3 వర్గాన్ని మైనస్ 9 అని రాసినప్పుడు వరుస ఎక్కడో తెగిపోయి ఉంటుంది. బిందువులు గుర్తించే ముందు ఈ వరుసను అర నిమిషం చూసుకుంటే తప్పు అక్కడే దొరికేది. పట్టికలో ఎక్స్ వర్గానికి ఒక వరుస, మైనస్ 2ఎక్స్‌కు ఒక వరుస, మైనస్ 3కు ఒక వరుస విడివిడిగా వేయించండి. మనసులో కూడి నేరుగా వై రాయనివ్వకండి.

తర్వాత మొదటి దానిలోంచి రెండోదాన్ని తీసివేయాలి. పిల్లలు గుర్తులు తప్పేది ఇక్కడే. మైనస్ 2ఎక్స్ లోంచి మైనస్ ఎక్స్ తీసివేస్తే మైనస్ ఎక్స్, మైనస్ 3 లోంచి మైనస్ 6 తీసివేస్తే ప్లస్ 3. కాబట్టి వై = −ఎక్స్ + 3 అనే సరళరేఖ వస్తుంది. దానిని అదే గ్రాఫు మీద గీస్తే వక్రాన్ని రెండు చోట్ల ఖండిస్తుంది, ఒకటి (−2, 5), రెండోది (3, 0). ఆ బిందువుల ఎక్స్ విలువలే జవాబు, మైనస్ 2, 3. వాటిని ఎక్స్² − ఎక్స్ − 6లో వేసి సున్నా వస్తోందా అని చిత్తుపనిలో సరిచూసుకోవచ్చు. ఎనిమిది మార్కుల జవాబు సరైనదో కాదో హాల్లోనే తెలిసిపోయే ఇలాంటి అవకాశాన్ని వదులుకోకూడదు.

ఇక చేతిపని. పరావలయాన్ని, అంటే ఈ వక్రాన్ని, స్కేలుతో గీయకూడదు. నేను దిద్దిన పత్రాలలో బిందువు నుంచి బిందువుకు స్కేలు పెట్టి గీసి, కొండలా చేసిన గ్రాఫులు ఎన్నో చూశాను. పెన్సిల్ బాగా చెక్కుకుని, మణికట్టు వక్రం లోపలి వైపు ఉండేలా కాగితాన్ని తిప్పుకుని, ఆపకుండా ఒకే ఊపులో గీయాలి. ఇది చెబితే రాదు, ఇరవై సార్లు గీస్తే వస్తుంది. అక్షాల మీద ఒక సెంటీమీటరుకు ఎన్ని యూనిట్లు తీసుకున్నారో కుడివైపు పైన రాయాలి, అక్షాల పేర్లు రాయాలి, వక్రం పక్కన దాని సమీకరణం రాయాలి. ఇవన్నీ చిన్న విషయాలుగా కనబడతాయి గానీ మార్కులు పోయేది వీటి దగ్గరే.

అన్నానగర్ తండ్రి | జనవరి 27, ఉదయం 8:15

మాస్టారూ, సీబీఎస్‌ఈలో గ్రాఫుకు ఇంత స్థానం లేదు, కానీ మెట్ల సంగతి మాకూ వర్తిస్తుందని అర్థమైంది. మా దగ్గర రాత పరీక్ష 80, పాఠశాల అంతర్గత మూల్యాంకనం 20. మొత్తం 38 ప్రశ్నలు, అందులో మొదటి ఇరవై ఒక మార్కువి, ఆఖరి మూడు ఒక సందర్భం ఇచ్చి దాని మీద అడిగే నాలుగు మార్కులవి. నిన్న మావాడితో మీ నాలుగు కారణాల పద్ధతి చేయించాను. వాడికి సందర్భ ప్రశ్నల్లోనే ఎక్కువ పోయాయి. అడిగిన ప్రశ్న ఏమిటో సగం చదివి, తనకు తెలిసిన ఇంకేదో కనుక్కున్నాడు. దీన్ని ఏ గడిలో వేయాలి?

రోజుకొక పత్రం ఆలోచన మానుకున్నాను. టీచరుగారికి కృతజ్ఞతలు.

కొళత్తూరు ట్యూషన్ టీచరు | జనవరి 27, ఉదయం 11:00

దాన్ని చేయి తప్పిన గడిలోనే వేయండి, పక్కన చదవడం అని రాయండి. ప్రశ్నలో అడిగిన మాట కింద పెన్సిల్‌తో గీత గీయడం, జవాబు రాశాక ఆ గీతను మళ్లీ ఒకసారి చూడడం, ఈ రెండు అలవాట్లు చేయించండి.

పెరంబూరు తల్లి | ఫిబ్రవరి 1, రాత్రి 9:20

మా అమ్మాయి మాస్టారు ఇచ్చిన గ్రాఫును వారంలో ఐదుసార్లు గీసింది. మొదటిసారి నలభై నిమిషాలు పట్టింది, నిన్న పద్దెనిమిది నిమిషాల్లో పూర్తయింది. దీపస్తంభం లెక్కకు 163.92 వచ్చింది. మేడ మీదకు వెళ్లి చూసే వచ్చింది.

ఇప్పుడు సమయం చాలకపోవడం గురించి అడగాలి. 12 మార్కులు దానికే పోయాయి. అన్నీ వచ్చినప్పటికీ రాయలేకపోయానని దానికి చాలా బాధగా ఉంది.

క్రోంపేట విద్యార్థిని | ఫిబ్రవరి 1, రాత్రి 9:55

ఆంటీ, తను ఐదు మార్కుల లెక్కలు పదికి మించి మొదలుపెట్టిందేమో చూడండి. పద్నాలుగులో పది చాలు కదా. నేను అర్ధసంవత్సర పరీక్షలో పన్నెండు లెక్కలు మొదలుపెట్టి మూడు సగంలో వదిలేశాను. పరీక్షకు ముందు ప్రశ్నపత్రం చదువుకోవడానికి పది నిమిషాలు, వివరాలు సరిచూసుకోవడానికి ఐదు నిమిషాలు ఇస్తారు. ఆ పది నిమిషాల్లో పెన్ను పట్టకుండా, ఏ పది రాయాలో మనసులో నిర్ణయించుకోవాలి. 28, 42 ఎలాగూ తప్పవు కాబట్టి వాటిని ముందు చదవాలి. నేను పబ్లిక్ పరీక్షలో ఒక మార్కు ప్రశ్నలు కాగానే నాలుగో భాగం రాశాను, చేయి అలసిపోక ముందే బొమ్మలు గీయాలని. నాకు అది బాగా కుదిరింది.

విశ్రాంత లెక్కల మాస్టారు | ఫిబ్రవరి 2, ఉదయం 6:40

అమ్మాయి చెప్పిన క్రమం చాలామందికి కుదురుతుంది గానీ అందరికీ కాదు. బొమ్మ ఒకసారి తప్పితే రబ్బరుతో చెరిపి మళ్లీ గీస్తూ అరగంట పోగొట్టుకునే పిల్లలుంటారు, వారు దానిని చివరికి పెట్టుకోవడమే మంచిది. ఇంట్లో రాసే పత్రాలలో ఒకసారి అలా, ఒకసారి ఇలా రాయించి ఏది కుదిరితే అదే స్థిరం చేయండి. పబ్లిక్ పరీక్ష రోజున కొత్త క్రమం ప్రయత్నించకూడదు.

180 నిమిషాలు, 100 మార్కులు. ఒక మార్కు ప్రశ్నలకు 20 నిమిషాలు, రెండు మార్కులవాటికి 40, ఐదు మార్కులవాటికి 80, నాలుగో భాగానికి 30 ఇస్తే పది నిమిషాలు మిగులుతాయి. ఐదు మార్కుల లెక్కకు ఎనిమిది నిమిషాలు గడిచినా తేలకపోతే అక్కడ జాగా వదిలి ముందుకు వెళ్లాలి. గడియారం ఎదురుగా పెట్టి ఇంట్లో సాధన చేస్తేనే ఆ వదలడం అలవాటవుతుంది, లేకపోతే పిల్లలకు మనసొప్పదు. ఈ పిల్ల శ్రద్ధ గలది, అందుకే ఒక లెక్కను పట్టుకుని వేలాడుతోంది.

పెరంబూరు తల్లి | ఫిబ్రవరి 19, రాత్రి 8:30

రెండో రివిజన్ పరీక్ష మార్కులు ఈ రోజు వచ్చాయి. 73. మీ అందరికీ ఎలా ధన్యవాదాలు చెప్పాలో తెలియడం లేదు. పోయిన 27 మార్కులను వచ్చీ రాగానే తనే గడుల్లో రాసుకుంది: తెలియక 5, గుర్తురాక 6, చేయి తప్పి 9, సమయం చాలక 7. గ్రాఫుకు ఎనిమిదికి ఎనిమిది వచ్చాయి.

తెలియక పోయిన ఐదూ ఒకే చోటివి. భూమి (త్రిభుజం అడుగు భుజం), శీర్షకోణం (దానికి ఎదుటి కోణం), ఉన్నతి (ఎత్తు) ఇచ్చి త్రిభుజం నిర్మించమన్న ప్రశ్న. కింద కోణం ఎందుకు గీస్తారో దానికి అర్థం కావడం లేదు, వరుస కంఠతా పట్టింది, మధ్యలో మరిచిపోయింది.

మాధవరం నాన్న | ఫిబ్రవరి 19, రాత్రి 9:10

మావాడికి 37 వచ్చాయి. టీచరమ్మ దగ్గరకు నాలుగు శనివారాలు వెళ్లాడు. నాలుగో భాగంలో 13 వచ్చాయి. ఇంటికి వచ్చి గ్రాఫు కాగితం నాకు చూపించి, ఇది ఎలా గీయాలో నాకు నేర్పించాడు.

విశ్రాంత లెక్కల మాస్టారు | ఫిబ్రవరి 20, ఉదయం 6:15

మాధవరం నాన్నగారూ, ఇంకొకరికి నేర్పించగలిగాడంటే ఆ లెక్క వాడి సొంతమైనట్లే. వాడిచేత రోజూ ఒకటి మీకు నేర్పించమనండి.

పెరంబూరు అమ్మా, ఆ నిర్మాణంలో కారణం తెలిస్తే వరుస మరిచిపోవడం ఉండదు. భూమి పిక్యూ 6 సెంటీమీటర్లు, శీర్షకోణం 60 డిగ్రీలు, ఉన్నతి 4 సెంటీమీటర్లు అనుకుందాం. మూడో శీర్షం ఎక్కడుందో మనకు తెలియదు. కానీ ఒకే వృత్తఖండంలోని కోణాలన్నీ సమానమని తెలుసు. కాబట్టి ఆ శీర్షం ఏదో ఒక వృత్తం మీద ఉండాలి. ఆ వృత్తాన్ని పట్టుకోవడానికే ఈ శ్రమంతా.

పి దగ్గర, భూమికి కిందివైపు 60 డిగ్రీల కోణంతో ఒక రేఖ గీస్తాము. అది ఆ వృత్తానికి స్పర్శరేఖ. స్పర్శరేఖకూ జ్యాకూ (ఇక్కడ పిక్యూ) మధ్య కోణం, ఎదుటి ఖండంలోని కోణానికి సమానం, అందుకే కింద 60 గీస్తే పైన 60 దొరుకుతుంది. స్పర్శబిందువు దగ్గర స్పర్శరేఖకు లంబంగా గీసిన రేఖ కేంద్రం గుండా పోతుంది కాబట్టి పి దగ్గర ఆ లంబం గీస్తాము. పిక్యూ లంబ సమద్విఖండన రేఖ కూడా కేంద్రం గుండా పోతుంది కాబట్టి దానినీ గీస్తాము. రెండూ కలిసిన చోటు కేంద్రం. అక్కడ కంపాస్ ముల్లు పెట్టి, పి వరకు తెరిచి వృత్తం గీస్తే అది క్యూ గుండా కూడా పోవాలి, పోకపోతే ఎక్కడో తప్పినట్లు. ఆఖరున లంబ సమద్విఖండన రేఖ మీద, భూమి మధ్యబిందువు నుంచి పైకి 4 సెంటీమీటర్లు కొలిచి, అక్కడ భూమికి సమాంతరంగా గీత గీస్తే అది వృత్తాన్ని రెండు చోట్ల ఖండిస్తుంది. ఏ బిందువును కలిపినా సరైన త్రిభుజమే.

ముందు ఒక చిత్తు బొమ్మ వేసి కొలతలు రాయమనండి. నిర్మాణ గీతలు సన్నగా, త్రిభుజం భుజాలు కాస్త ముదురుగా ఉండాలి. గీతలు చెరపవద్దు, అవి కూడా జవాబులో భాగమే.

పెరంబూరు తల్లి | ఫిబ్రవరి 20, రాత్రి 10:05

మాస్టారూ, మీరు రాసినది దానికి చదివి వినిపించాను. స్పర్శరేఖ అన్న మాట దగ్గర ఆపి, మళ్లీ చదవమంది. తర్వాత పుస్తకం మూసి గీసింది. మొదటి వృత్తం క్యూ గుండా పోలేదు, తనే చూసుకుని, లంబ సమద్విఖండన రేఖ పిక్యూ మధ్యబిందువు గుండా పోలేదని కనిపెట్టింది. రెండోసారి పోయింది. ఇప్పుడు ఉన్నతి బదులు మధ్యగతం (శీర్షాన్ని భూమి మధ్యబిందువుకు కలిపే గీత) ఇచ్చిన లెక్కను గీస్తోంది. కేంద్రం దొరికిందట, మధ్యబిందువు దగ్గర ముల్లు పెట్టి చాపం వేస్తోంది.